తపాలా పెట్టె మీద మీ పేరు ఉందా?

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు. హనుమకొండలో పుట్టి పెరిగాను. కాకతీయ విశ్వవిద్యాలయంలో బీఫార్మసీ చదివి, ఒక ఆసుపత్రి మందుల విభాగంలో నాలుగేళ్ళు పనిచేశాను. మాది పెద్దలు కుదిర్చిన పెళ్ళి. పెళ్ళయిన ఆరు నెలలకు మావారికి జర్మనీలో ఉద్యోగం వచ్చింది. ఆయనది బ్లూ కార్డు, అంటే పెద్ద చదువుల ఉద్యోగులకు అక్కడ ఇచ్చే నివాస అనుమతి. ఆయన ముందు వెళ్ళారు, పది నెలల తరవాత, కిందటి జూన్‌లో నేను వెళ్ళాను. ఫ్రాంక్‌ఫర్ట్‌కు రైల్లో గంట దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో ఉంటున్నాం. ఆయన పొద్దున ఏడింటికి వెళ్తే సాయంత్రం ఆరున్నరకు వస్తారు. ఈ చలికాలంలో అప్పటికే చీకటిపడి రెండు గంటలవుతుంది. నాకు భాష రాదు. డాక్టరు దగ్గరకు వెళ్ళాలన్నా, సిమ్ కార్డు కావాలన్నా ఆయన సెలవు పెట్టాలి. ప్రతి ఖర్చునూ ఆయన వందతో గుణిస్తారు. ఊళ్ళో ఇంటి అప్పుకు నెలనెలా డబ్బు పంపాలి, అది నేను కాదనను. కాని కొత్తిమీర కట్ట దగ్గర కూడా గొడవ అవుతోంది. మా అత్తమ్మ రోజూ పొద్దున్నే వీడియో కాల్ చేసి, వాడు చిక్కిపోయాడు, ఏం వండిపెడుతున్నావని అడుగుతారు. మా అమ్మ అయితే, సర్దుకుపో బిడ్డా, కొత్తలో అందరికీ ఇంతే అంటుంది. పోయిన వారం ఏడుస్తూ, నన్ను పంపించేయండి, నా ఉద్యోగం నేను చేసుకుంటాను అన్నాను. ఆయన, "నాకు మాత్రం ఇక్కడ ఇష్టమై ఉంటున్నానా" అని బయటికి వెళ్ళిపోయి, గంట తరవాత తిరిగొచ్చారు. ఆ మాటకు అర్థం ఏమిటో తెలియలేదు. నేను తిరిగి వచ్చేయడం తప్పా?

— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, తిరిగి రావడం తప్పా అన్న దానికి చివర్లో వస్తాను. ముందు మీరు చెప్పులు వేసుకుని కిందికి దిగి, మీ భవనం గుమ్మం దగ్గరున్న తపాలా పెట్టెను చూసి రండి. దాని మీద మీ పేరు ఉందా? మీవారి ఇంటిపేరు ఉండే ఉంటుంది. మీది?

ఇదేం ప్రశ్న అనుకోకండి. మన దగ్గర చిరునామా అంటే "భీమారం, ఫలానా బడి వెనక, రెండో గల్లీ, నీళ్ళ ట్యాంకు ఎదురుగా". అదీ చాలకపోతే కొరియర్ కుర్రవాడు ఫోన్ చేస్తాడు, మనం లేకపోతే పక్కింటివాళ్ళు తీసుకుంటారు. అక్కడి చిరునామాల్లో ఫ్లాటు నంబరు సాధారణంగా ఉండదు. వీధి, భవనం నంబరు, పేరు, అంతే. ఆ పేరు పెట్టె మీద కనపడకపోతే ఉత్తరం వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. మన ఆడపిల్లల పాస్‌పోర్టుల్లో చాలావరకు పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది కనుక ఈ చిక్కు మనకు మరీ ఎక్కువ.

నేను 2005లో మావారి వెంట అదే ప్రాంతానికి కాపురానికి వెళ్ళి, 2016లో హనుమకొండకు తిరిగి వచ్చాను. మొదటి శీతాకాలంలో ఒక కార్యాలయం నుంచి నాకు రావలసిన ఉత్తరం ఎంతకూ రాలేదు. రెండుసార్లు పంపారట. రెండుసార్లూ ఆ పేరుగలవారు ఇక్కడ లేరన్న ముద్రతో తిరిగి వెళ్ళిందట. ఆ రెండు రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను, పప్పు ఉడికించుకుంటూ. సంగతి తెలిసి, పై అంతస్తులో ఉండే పెద్దావిడ ఒక తెల్ల చీటీ తెచ్చి, నా ఇంటిపేరును అక్షరం అక్షరం నాతో చెప్పించుకుని, గుండ్రటి చేతిరాతతో రాసి పెట్టెకు అంటించింది. కాలింగ్ బెల్ పక్కన మరొకటి. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. ఆ ఊళ్ళో నా పేరును శ్రద్ధగా పలికిన మొదటి మనిషి ఆమె.

మీ ఉత్తరం చదువుతుంటే ఆ ముద్రే గుర్తొచ్చింది. మీ ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నారు, సరే. ఆయనకు జీతం చీటీ ఉంది, వెళ్ళడానికి ఒక చోటు ఉంది, పేరు పెట్టి పిలిచే నలుగురు ఉన్నారు. మీరు ఆయన కాగితాల్లో "భార్య" అన్న గడిలో ఉన్నారు. నాలుగేళ్ళపాటు మందుల చీటీలు చదివి, మోతాదులో అనుమానం వస్తే డాక్టరుకే ఫోన్ చేసి అడిగిన మనిషి, ఒక సిమ్ కార్డు కోసం ఇంకొకరి సెలవు దాకా ఆగడం ఏమిటి? మీకు ఏడుపు రాకపోతేనే నేను ఆశ్చర్యపోయేదాన్ని. అందుకని నలుగురితో కలవండి, ఏదైనా వ్యాపకం పెట్టుకోండి అని చెప్పి చేతులు దులుపుకోలేను. మీ అమ్మగారు చెప్పిన "సర్దుకుపో"లోంచి ఆ చివరి "పో" ఒక్కటి తీసేయండి. సర్దుకోండి. సూట్‌కేసులోంచి బట్టలు తీసి బీరువాలో పెట్టుకున్నట్టు, మీ కాగితాలు, మీ చదువు, మీ డబ్బు, మీ పగటిపూట మీ పేరు మీద సర్దుకోవాలి. మీవారి పక్కన నిలబడటానికైనా ముందు మీకు నిలబడే చోటు కావాలి కదా.

కాగితాలతో మొదలుపెట్టండి. దిగిన రెండు వారాల్లో ఊరి కార్యాలయంలో చేయించుకునే చిరునామా నమోదును, ఆన్‌మెల్డుంగ్ అంటారు కదా, ఆయన మీకు చేయించే ఉంటారు. ఆ తరవాత 11 అంకెల పన్ను గుర్తింపు సంఖ్య మీ పేరు మీద తపాలాలో వస్తుంది. వచ్చిందా? మీవారు ప్రైవేటు బీమాలో కాక చట్టబద్ధ ఆరోగ్య బీమాలో ఉంటే, సంపాదన లేని భార్యకు అదనపు రుసుము లేకుండా అందులోనే చోటు ఉంటుంది, మీ ఫొటోతో మీకో కార్డు వస్తుంది. అది మీ సంచిలో ఉందా, ఆయన పర్సులో ఉందా? చాలా ఇళ్ళలో "భద్రంగా" భర్తల దగ్గరే ఉంటుంది. తీసుకోండి. నివాస అనుమతి కార్డును కూడా తిప్పి చూడండి. "ఎర్వెర్బ్స్‌టేటిగ్‌కైట్ ఎర్లౌబ్ట్" అన్న మాటలు కనిపిస్తాయి. ఉద్యోగం చేయడానికి అనుమతి ఉంది అని దాని అర్థం. బ్లూ కార్డు ఉన్నవారి భార్యకు, భర్తకు ఏ ఉద్యోగమైనా చేసే హక్కు ఉంది. అమెరికాలో హెచ్4 వీసా మీద ఏళ్ళ తరబడి చేతులు కట్టుకుని కూర్చున్న మన అమ్మాయిల కథలు విని, అన్ని దేశాల్లోనూ భార్యకు అంతేనని మనవాళ్ళు అనుకుంటారు. మీ విషయంలో చట్టం తలుపు తీసే ఉంది. గడప మాత్రం భాషది, ఎత్తుగానే ఉంటుంది.

ఇక వచ్చే ఉత్తరాలన్నీ ఈ రోజు నుంచి మీరే తెరవండి. నవ్వులాటకు చెప్పడం లేదు. ఆ దేశం ఇప్పటికీ చాలావరకు కాగితం మీదే నడుస్తుంది. మీవారు అలసిపోయి వచ్చి బల్ల మీద పడేసే ఉత్తరాలే మీ మొదటి వాచకం. ఫోన్ కెమెరాతో అనువాదం చూసుకోండి, కాని ముందు మీరే చదివి ఊహించండి. "మీకు టీవీ లేకపోయినా సరే" అంటూ ప్రసార రుసుము అడిగే ఉత్తరం ఒకటి వస్తుంది, ఇంటికి నెలకు 18.36 యూరోలు. మోసమనుకుని చించేసిన మనవాళ్ళు నాకు తెలుసు, తరవాత జరిమానాతో కలిపి కట్టారు. పసుపు కవరులో అధికారిక నోటీసు ఏదైనా వస్తే కవరు కూడా దాచండి. దాని మీద రాసిన తేదీ నుంచే గడువు లెక్కపెడతారు. రెండు నెలలు ఈ పని చేస్తే ఇంటి లెక్కల్లో మీకు తెలియనిదేదీ మిగలదు, ఆయన నెత్తిన ఒక బరువు తగ్గుతుంది.

భాష నేర్చుకోవడానికి ఊరూరా ఫోక్స్‌హోఖ్‌షూలె అనే ప్రజా విద్యాలయాలు ఉంటాయి, రుసుము మరీ ఎక్కువ కాదు. ప్రభుత్వం నడిపే ఇంటెగ్రేషన్ కోర్సు ఉంది. దానిలో 600 పీరియడ్లు భాష, 100 పీరియడ్లు ఆ దేశపు చట్టం, చరిత్ర, పద్ధతులు. ప్రవేశం దొరుకుతుందేమో అడగండి, దొరకకపోతే ప్రజా విద్యాలయంలో చేరండి, వసంతం వచ్చేదాకా ఆగకండి. ఇంట్లో కూర్చుని ఫోన్ యాప్‌లో నేర్చుకుంటానంటే నేను ఒప్పుకోను. మీకు కావలసింది క్రియాపదాల పట్టిక ఒక్కటే కాదు, పొద్దున తొమ్మిదింటికి తల దువ్వుకుని బయటపడటానికి ఒక కారణం కూడా. ఆ తరగతిలో మీ పక్కన సిరియా నుంచి, ఉక్రెయిన్ నుంచి, బ్రెజిల్ నుంచి వచ్చినవాళ్ళు కూర్చుంటారు. మీలాగే అందరూ రెండేళ్ళ పిల్లల్లా మాట్లాడుతుంటారు. అంత హాయి మరెక్కడా దొరకదు.

మీ వృత్తి గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఫార్మసిస్టు అక్కడ చట్టం నియంత్రించే వృత్తి. మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా నిలబడాలంటే ఆప్రొబాట్సియోన్ అనే అనుమతి కావాలి, దాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది. భాషను అక్కడ ఏ1 నుంచి సీ2 దాకా మెట్లుగా కొలుస్తారు. మామూలు జర్మన్‌లో బీ2 స్థాయి, ఆపైన వృత్తి భాషలో సీ1 స్థాయి పరీక్ష. మీ డిగ్రీని వాళ్ళ డిగ్రీతో పోల్చి, తేడా ఉందనిపిస్తే విషయ పరిజ్ఞానం మీద ఇంకో పరీక్ష పెడతారు. ఇవన్నీ పూర్తయ్యేలోగా పర్యవేక్షణలో పనిచేయడానికి పరిమిత కాలపు అనుమతి కూడా ఇస్తారు. మొత్తం దారి రెండు మూడేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు. ఇది విని నీరుగారిపోకండి. మందుల తయారీ సంస్థల్లో నాణ్యత విభాగం, అనుమతుల విభాగం, ఔషధ పరీక్షల సమాచారం చూసే ఉద్యోగాలు ఉంటాయి, వాటికి ఆప్రొబాట్సియోన్ అక్కరలేదు. మీరున్న ఫ్రాంక్‌ఫర్ట్ ప్రాంతం మందుల పరిశ్రమకు పాత పుట్టిల్లు, అక్కడి హోఖ్స్ట్ పారిశ్రామికవాడ చూస్తే మీకే తెలుస్తుంది. వాటిలో కొన్నిచోట్ల ఇంగ్లిష్‌తోనూ పని జరుగుతుంది. నన్నడిగితే రెండు దారులూ తెరిచి ఉంచుకోండి. జర్మన్ బీ1 దాకా రెండు దారులూ ఒకటే, అక్కడికి చేరాక ఎటు తిరగాలో చూడవచ్చు. వలస వచ్చినవారికి ఉచితంగా సలహా చెప్పే కేంద్రాలు, ఎంబీఈ పేరుతో, చాలా ఊళ్ళలో ఉన్నాయి. డిగ్రీ గుర్తింపు సంగతి వాళ్ళనే మొదట అడగండి. ఏజెంటుకు డబ్బు కట్టకండి.

ఇప్పుడు మీవారి మాటకు వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే. "నాకు మాత్రం ఇక్కడ ఇష్టమై ఉంటున్నానా." మీరు దాన్ని ఎదురుదెబ్బలా విన్నారు. నాకు అది ఏడాదిన్నరగా ఎవరికీ చెప్పని మాట నోరు జారినట్టు వినిపించింది. మీరు వెళ్ళకముందు ఆయన పది నెలలు ఒక్కరే ఉన్నారు. అందులో ఒక పూర్తి శీతాకాలం ఉంది. అక్కడి ఉద్యోగాల్లో మొదటి ఆరు నెలలు సాధారణంగా పరీక్షా కాలం, రెండు వారాల ముందు చెప్పి తీసేయవచ్చు. ఇక్కడ కొత్త పెళ్ళికూతురు, ఇంటి అప్పు, అక్కడ ఆ గండం. ఆ చలికాలం గురించి ఆయన మీతో ఎప్పుడైనా మాట్లాడారా?

మా జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల వైపు గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళను చూస్తూ పెరిగాను నేను. మా చిన్నమ్మ భర్త దుబాయిలో ఉండేవాడు. ఊరికి వచ్చేవాళ్ళ చేతికి టేపు రికార్డరు క్యాసెట్ ఇచ్చి పంపేవాడు, అందులో ఆయన గొంతు. "నేను బాగున్నాను, మంచి గది ఇచ్చారు, తిండికి లోటు లేదు." చిన్నమ్మ కూడా క్యాసెట్ నింపి పంపేది. "మేము బాగున్నాం, పిల్లలు బాగున్నారు, అత్తమ్మ బాగుంది." పన్నెండేళ్ళు ఒకరికొకరు బాగున్నామనే చెప్పుకున్నారు. ఆయన ఒక గదిలో పన్నెండుమందితో ఉన్నాడని చిన్నమ్మకు తెలిసింది ఆయన తిరిగొచ్చాకే. సముద్రం అడ్డం ఉంది కనుక వాళ్ళకు అది సరిపోయింది. మీరు ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ క్యాసెట్లు పంపుకుంటున్నారు.

కాబట్టి ఒక పని చేయండి. ఆ రోజు బయటికి వెళ్ళిన గంటసేపు ఆయన ఎక్కడ తిరిగారో అడగండి. నిలదీసినట్టు కాదు. జనవరి చలిలో, చీకట్లో, చిన్న ఊళ్ళో దుకాణాలు మూసేశాక ఒక మనిషి గంటసేపు ఎక్కడుంటాడు? రైలు స్టేషన్‌లోనా, నది ఒడ్డునా? వచ్చే ఆదివారం అక్కడికే ఇద్దరూ కలిసి నడవండి. నడుస్తూ మాట్లాడితే మొహాలు చూసుకోనక్కరలేదు, మన మగవాళ్ళకు అది కాస్త సులువు.

డబ్బు గొడవ దీనికి తమ్ముడే. యూరో ఇంచుమించు వంద రూపాయలు కావడం మన దురదృష్టం. గుణించడం మరీ తేలికయిపోయింది. రెండు యూరోల కొత్తిమీర రెండువందలుగా కనిపిస్తుంది, హనుమకొండ కూరగాయల మార్కెట్లో రెండువందలకు గంపెడు వస్తుంది, ఇక కొత్తిమీర గొంతు దిగుతుందా? ఊరికి పంపే డబ్బును, దాచే డబ్బును గుణించండి, తప్పు లేదు, అవి రూపాయల్లోనే ఖర్చయ్యేవి. తిండిని, బట్టను, బండి ఖర్చును యూరోల్లోనే చూడండి, జీతం వచ్చేది అందులోనే కనుక. నెల మొదట్లో ఇంటి అప్పు పక్కన పెట్టి, మీ పేరున మీ ఖాతాలోకి ఎంతో కొంత పంపించమనండి. ఆ డబ్బుకు లెక్క అడగకూడదని ముందే ఒప్పందం. మీకు నెలసరి రైలు టికెట్టు కూడా కావాలి. దేశమంతటా ఊరి బస్సులకు, ప్రాంతీయ రైళ్ళకు పనికొచ్చే డాయిచ్‌ల్యాండ్ టికెట్టు 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ఆయన 6,300 అంటారు. అననివ్వండి.

పన్ను తరగతి గురించి ఒక మాట. జీతంలోంచి నెలనెలా ఎంత పన్ను కోయాలో చెప్పేది అదే. భార్యకు సంపాదన లేనప్పుడు భర్తను మూడో తరగతిలో, భార్యను ఐదో తరగతిలో పెట్టుకుంటే ఆయన చేతికి నెలనెలా ఎక్కువ వస్తుంది. మీ ఇంట్లో అదే జరిగి ఉంటుంది. మీరు ఉద్యోగంలో చేరిన రోజున ఐదో తరగతిలో మీ జీతంలోంచి పన్ను మరీ ఎక్కువగా కోసేస్తారు. అది చూసి "ఈ కాస్త డబ్బుకు నువ్వు పనిచేయడం ఎందుకు" అన్న మాట ఎన్నో ఇళ్ళలో పుడుతుంది. ఏడాది చివర ఇద్దరి లెక్కలూ కలిపి వేసేటప్పుడు మొత్తం పన్ను ఒకటే అవుతుంది. కాని నిరుద్యోగ భృతి, ప్రసవం తరవాత వచ్చే భృతి లాంటివి చేతికొచ్చిన జీతాన్ని బట్టి లెక్కిస్తారు. తరగతులు మార్చుకోవచ్చు. మీ మొదటి జీతానికి ముందే మార్చుకోండి.

మీవారికి లెక్కలంటే ఇష్టం కనుక ఇంకో లెక్క చెప్పండి. బ్లూ కార్డు ఉన్నవారికి 27 నెలల ఉద్యోగం తరవాత శాశ్వత నివాసం అడిగే హక్కు వస్తుంది, ఏ1 జర్మన్ చాలు. బీ1 ఉంటే 21 నెలలకే. ఆరు నెలలు కలిసివస్తాయి. ఆయన ఆఫీసులో ఇంగ్లిష్‌తో నెట్టుకొస్తున్నట్టున్నారు, సాయంత్రం తరగతికి ఆయననూ చేర్పించండి. ఇద్దరూ ఒకే పాఠంలో తడబడుతుంటే ఇంట్లో గాలి మారుతుంది.

అత్తమ్మగారి ఫోన్ల గురించి ఎక్కువ చెప్పను. మీకు ఉదయం ఆరయ్యేసరికి ఆవిడకు పదిన్నర. పూజ అయిపోయింది, టిఫిన్లు అయిపోయాయి, కొడుకు గుర్తొస్తాడు. ఆవిడ తప్పేమీ లేదు, మీ గడియారం తప్పు. ఆ కాల్‌ను ఆదివారం మధ్యాహ్నానికి మార్చమని కొడుకు చేతే చెప్పించండి, మీరు చెప్పవద్దు. ఆ కాల్‌లో ఆవిడ కొడుకుకే పచ్చిపులుసు నేర్పాలి. చిక్కిపోయిన కొడుకు చింతపండు పిసుకుతూ తెర మీద కనిపిస్తే, ఏం వండిపెడుతున్నావన్న ప్రశ్న మీ దాకా రాదు. పచ్చిపులుసు ఎందుకన్నానంటే దానికి పొయ్యి అక్కరలేదు. ఎండుమిర్చి తిరగమాత పెడితే పైకప్పు మీది పొగ గంట మోగుతుంది, ఆదివారం మధ్యాహ్నం నిశ్శబ్దంలో అది మోగితే భవనమంతా బయటికి వస్తుంది. అక్కడ ఆదివారం చప్పుడు చేయకూడదు కనుక మిక్సీ కూడా ఆ రోజు తిప్పకండి, పిండి శనివారమే రుబ్బుకోండి. పులియడానికి ఓవెన్‌లో దీపం మాత్రం వేసి లోపల పెట్టండి, లేకపోతే ఫిబ్రవరిలో అది మూడు రోజులకూ పొంగదు. వంట అయ్యాక కిటికీలు బార్లా తీసి పది నిమిషాలు ఉంచి మూసేయండి. కొద్దిగా తెరిచి రోజంతా వదిలేస్తే గోడలకు బూజు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మీ అడ్వాన్సులో కోత.

చీకటి మాత్రం నిజమైన శత్రువు. డిసెంబరులో నాలుగున్నర కాకముందే సూర్యుడు వెళ్ళిపోతే వరంగల్ ఎండలో పెరిగిన ఒళ్ళు ఏమనుకోవాలి? మధ్యాహ్నం పన్నెండింటికి, మబ్బు ఉన్నా సరే, అరగంట బయట నడవండి. ఇంటి డాక్టరుతో డి విటమిన్ పరీక్ష గురించి మాట్లాడండి, మీ కార్డుతో మీరే సమయం తీసుకుని వెళ్ళి. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఏడుపు ఆగకపోవడం రెండు వారాలు దాటితే అది కూడా ఆ డాక్టరుకే చెప్పండి, ఆస్తమా గురించి చెప్పినట్టే చెప్పండి. మీరు మందుల మనిషి, మీకు ఇందులో సిగ్గు అక్కరలేదు.

మీ ఉత్తరంలో అలాంటి ఛాయ లేదు, కాని ఇదే శీర్షిక చదివే మరికొందరి కోసం రాస్తున్నాను. ఆ దేశంలో ఇంట్లో కొట్టడం, భయపెట్టడం, పాస్‌పోర్టు లాక్కోవడం ఉంటే మహిళల సహాయ నంబరు 116016, రాత్రీ పగలూ ఉచితం, చాలా భాషల్లో మాట్లాడతారు. ప్రాణం మీదికి వస్తే పోలీసు నంబరు 110. కాపురం అక్కడ మూడేళ్ళు సాగితే విడిపోయినా భార్యకు సొంతంగా ఉండే హక్కు వస్తుంది, హింస ఉన్నచోట మూడేళ్ళు ఆగనక్కరలేదు. "నిన్ను తిప్పి పంపించేస్తాను" అన్న బెదిరింపు విన్నవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. తిరిగి రావడం తప్పు కాదు. నేనూ తిరిగి వచ్చాను, ఎవరి నెత్తీ తెగి పడలేదు. కాని నేను పదకొండేళ్ళ తరవాత, భాష వచ్చి, అక్కడ పనిచేసి, ఇక చాలనుకుని వచ్చాను. మీరు ఇప్పుడు వస్తే మీకు ఆ దేశం తెలియకుండానే వస్తారు, ఆ ఇంటి కిటికీ ఒక్కటే తెలిసి. అది నాకు ఇష్టం లేదు. ఒక బతుకమ్మ దాకా గడువు పెట్టుకోండి. ఈ అక్టోబరుకు ఇంటికి రండి, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఉండండి, పద్మాక్షి గుట్ట దగ్గర మీ ఈడువాళ్ళతో ఆడండి. అప్పటికి ఎనిమిది నెలల భాష మీ నోట్లో ఉంటుంది. అప్పుడు కూడా ఉండిపోవాలనిపిస్తే ఉండిపోండి, ఆ మాట మీవారితో ఏడవకుండా చెప్పగలుగుతారు. నివాస అనుమతి విషయంలో మాత్రం జాగ్రత్త. మామూలు అనుమతులకు ఆరు నెలలు దేశం బయట ఉంటే రద్దవుతాయి, బ్లూ కార్డు కుటుంబాలకు ఆ గడువు 12 నెలలు. ఎక్కువకాలం ఉండాలనుకుంటే విదేశీయుల కార్యాలయంలో ముందే రాతపూర్వకంగా అడగండి.

ఆ రాకలోనే ఒక పని కూడా పెట్టుకోండి. విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం నుంచి మార్కుల పూర్తి పట్టికలు, ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటలో తెలిపే సిలబస్, ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, మీ మీద ఏ చర్యా లేదన్న పత్రం, పాత ఆసుపత్రి అనుభవ పత్రం. దసరా సెలవుల్లో ఆఫీసులు మూసి ఉంటాయి కనుక దరఖాస్తులు ఇప్పుడే మీ తమ్ముడి చేతో, నాన్నగారి చేతో పెట్టించండి. మీరు వచ్చేసరికి చేతికి అందాలి.

రాలేకపోయినా బతుకమ్మ ఆగదు. తంగేడు అక్కడ దొరకదు గాని, శరదృతువులో పూలమొక్కల దుకాణాల్లో సెలోసియా పేరుతో కుండీల్లో అమ్మేది మన గునుగుకు దగ్గరి చుట్టమే. డేలియాలు, చామంతులు ఎలాగూ ఉంటాయి.

తిరిగి వెళ్ళేటప్పుడు అత్తమ్మ నెయ్యి డబ్బా ఇస్తారు. తీసుకోకండి. పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకుపోనివ్వరు, కరివేపాకుకు కూడా ధ్రువపత్రం అడుగుతారు. విమానాశ్రయంలో చెత్తబుట్టలో పడేస్తే ఆవిడ మనసు కష్టపడుతుంది. సకినాలు చేయించుకోండి, నూనెలో వేయించినవి, ఎన్నయినా పట్టుకెళ్ళవచ్చు. రెండు పొట్లాలు పై అంతస్తువాళ్ళకు.